రెప్పపాటు కాపలా

కోనసీమలో గాలి గట్టిగా వీచిందంటే కొబ్బరి మట్టలు రాలతాయి. నేల మీద పడిన మట్ట పొయ్యిలోకి పనికొస్తుంది. 11 కేవీ లైను మీద పడితే మాత్రం తీగ తెగొచ్చు. తెగిన తీగ రాత్రంతా నాట్లు వేసిన చేలో పడి ఉంటుంది. తెల్లారగానే ఆ చేలోకి ఎవరో ఒకరు దిగుతారు. నీళ్లు చూసుకోవడానికో, గట్టు మీద గడ్డి కోసుకోవడానికో! ఆ మనిషి క్షేమంగా ఇంటికి తిరిగొస్తాడా లేదా అన్నది అక్కడికి ఐదారు కిలోమీటర్ల దూరంలో, సబ్‌స్టేషన్ గదిలో, ఇనుప బీరువాలాంటి ప్యానెల్‌కు బిగించిన ఓ చిన్న పెట్టె చేతిలో ఉంటుంది. దాని పేరు రిలే.

తీగ నేలను తాకగానే కరెంటు దారి తప్పిందని రిలే పసిగట్టాలి. వెంటనే బ్రేకర్‌కు చెప్పాలి. బ్రేకర్ విడిపోవాలి. ఇదంతా దాదాపు కనురెప్ప వేసి తీసేంతలో అయిపోవాలి. అయితే ఊళ్లో జనం ‘మళ్లీ కరెంటు పోయింది’ అని విసుక్కుంటారు. కాకపోతే మర్నాడు జిల్లా పేజీలో ఒక మరణవార్త వస్తుంది.

చిత్రమేమిటంటే, ఈ కాపలాదారు ఏళ్ల తరబడి ఏ పనీ లేకుండా కూర్చోగలడు. ఫ్యాను పాడైతే తిరగదు. బల్బు పాడైతే వెలగదు. మరి రిలే పాడైతే? చాలాసార్లు పైకి ఏమీ తెలియదు. బాగున్నప్పుడూ మౌనమే, పాడైనప్పుడూ మౌనమే. తేడా బయటపడేది ప్రమాదం జరిగిన రోజునే. ఆ రోజుదాకా ఆగకుండా ముందే తెలుసుకోవాలంటే ఉన్న దారి ఒక్కటే, పరీక్ష పెట్టడం. కొత్త పరికరాన్ని ‘ఒప్పుకుంటున్నాం’ అని సంతకం చేసే ముందు పెట్టే ఈ పరీక్షనే యాక్సెప్టెన్స్ టెస్ట్ అంటారు. విద్యుత్ శాఖలో ఎంఆర్‌టీ అనే విభాగం ఉంటుంది. మీటర్లనూ రిలేలనూ పరీక్షించేవాళ్లు వీళ్లే. సబ్‌స్టేషన్ ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించేవాళ్ల ఫొటోలు పేపర్లో పడతాయి. అంతకు కొద్దిరోజుల ముందు అదే గదిలో చెమటలు కక్కుతూ వైరు వైరునూ వెతికిన వీళ్ల ఫొటో మాత్రం ఎక్కడా కనబడదు.

గొలుసులో ఐదు లింకులు

తెగిపడిన తీగకూ ఆగిపోయిన కరెంటుకూ మధ్య ఐదు లింకుల గొలుసు ఉంది. మొదటిది సీటీ, అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్. లైనులో పోయే వందల ఆంపియర్లను 1 ఆంపియరుకో, 5 ఆంపియర్లకో తగ్గించి రిలేకు చూపిస్తుంది. రెండోది రిలే. చూసి నిర్ణయిస్తుంది. మూడోది బ్యాటరీ. లోపం వచ్చిన క్షణంలో మామూలు కరెంటును నమ్ముకోలేం కాబట్టి బ్రేకర్‌ను విడదీసే శక్తి బ్యాటరీ నుంచే రావాలి. నాలుగోది ట్రిప్ కాయిల్, బ్రేకర్ గొళ్లేన్ని తన్నే చిన్న విద్యుదయస్కాంతం. ఐదోది బ్రేకర్. వీటిలో ఏ ఒక్కటి పనిచేయకపోయినా మిగతా నాలుగూ ఎంత బాగున్నా ఉపయోగం లేదు. ఒక ఫ్యూజు వదులైతే చాలు, రిలే ఎంత అరిచినా బ్రేకర్‌కు వినబడదు.

‘ఫ్యాక్టరీలో పరీక్షించే పంపారుగా, మళ్లీ ఇక్కడెందుకు?’ అని అడిగేవాళ్లుంటారు. నిజమే, ఫ్యాక్టరీలోనూ పరీక్షలుంటాయి. కానీ ఫ్యాక్టరీలో పరీక్షించింది పెట్టెను. ఆ తర్వాత అది లారీలో వందల కిలోమీటర్లు కుదుపులు తింటూ వచ్చింది. ఇక్కడికొచ్చాక ఎవరో పదుల కొద్దీ వైర్లు బిగించారు. గొలుసు తయారైంది ఇక్కడే. కాబట్టి గొలుసును పరీక్షించాల్సిందీ ఇక్కడే.

ఎలా పరీక్షిస్తారు? ముందు రిలే ఒక్కదాన్నీ చూస్తారు. టెస్ట్ కిట్ అనే పెట్టెతో రిలేలోకి కొలిచిన కరెంటు పంపిస్తారు. లైనులో లోపం వచ్చినట్టు దాన్ని నమ్మిస్తారన్నమాట. ఫీడర్లకు ఎక్కువగా వాడే రిలేకు ఒక గుణముంది. కరెంటు ఎంత ఎక్కువైతే అంత తొందరపడుతుంది. ఉదాహరణకు 100 ఆంపియర్లు దాటితే కదలాలని, టైమ్ సెట్టింగు 0.1 ఉండాలని పెట్టారనుకోండి. ప్రామాణిక లెక్క ప్రకారం 200 ఆంపియర్లు వస్తే దాదాపు ఒక సెకనులో కదలాలి. 1,000 ఆంపియర్లు వస్తే 0.3 సెకనులో కదలాలి. టెస్ట్ కిట్‌లోని గడియారం ఈ అంకెలకు దగ్గరగా చూపిస్తే రిలే పాసైనట్టు. ఆలస్యమైనా తప్పే, మరీ తొందరపడినా తప్పే. ఊరి ఫీడర్‌లో లోపం వస్తే ఊరి బ్రేకరే ముందు పడాలి. దాని వెనకున్న పెద్ద బ్రేకర్ తొందరపడితే పది ఊళ్లు చీకట్లో ఉంటాయి.

తర్వాత సీటీ వంతు. కొన్ని సీటీలకు రెండు నిష్పత్తులుంటాయి, 200కు 1, 400కు 1 అని. వైరు ఒక బోల్టు పక్కకు బిగిస్తే 200 ఉండాల్సిన చోట 400 పడుతుంది. అప్పుడు లైనులో 100 ఆంపియర్లు పోతుంటే రిలేకు 50లా కనిపిస్తుంది. రిలే మంచిదే, సెట్టింగు సరైనదే, కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. కానీ కాపలాదారు కళ్లకు తప్పు కళ్లద్దాలు పెట్టారు! అందుకే సీటీ అవతలి వైపు, అంటే అసలు లైను వైపు నుంచి కరెంటు పంపి రిలే దగ్గర ఎంత కనిపిస్తోందో చూస్తారు. కాగితం మీద ఎన్నిసార్లు సరిచూసినా ఈ పరీక్షకు సాటి రాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష చివరిది. బ్యాటరీ ఛార్జర్‌ను ఆపేసి, బ్యాటరీ ఒక్కదాని బలంతో రిలే ద్వారా బ్రేకర్‌ను నిజంగా పడేయడం. ఛార్జర్ నడుస్తున్నప్పుడు నీరసించిన బ్యాటరీ కూడా గట్టిదానిలాగే కనిపిస్తుంది. దాని అసలు సత్తా తెలిసేది ఒంటరిగా వదిలినప్పుడే.

పరీక్షించేవాళ్ల ప్రాణం

రక్షణ పరికరాలను పరీక్షించేటప్పుడు ఓ చిక్కుంది. ఆ సమయంలో అవి రక్షణ ఇచ్చే స్థితిలో ఉండవు. కాపలాదారుకు వైద్యపరీక్ష చేస్తున్నంతసేపూ వాకిట్లో ఎవరూ లేనట్టే. అందుకే ఇక్కడ పని కంటే పద్ధతి ముఖ్యం.

మొదటిది లైన్ క్లియర్. విద్యుత్ సిబ్బంది నోట అది ‘ఎల్‌సీ’. ఫలానా లైను, ఫలానా సమయం నుంచి ఫలానా వ్యక్తికి అప్పగించామని రాతపూర్వకంగా ఇవ్వాలి. తీసుకున్నవాళ్లే తిరిగివ్వాలి. ‘ఇందాక ఫోన్లో చెప్పాగా’ అన్నది ఎల్‌సీ కాదు. లైన్‌మన్ల ప్రమాదాల వెనక తరచూ వినిపించే మాట ఒకటుంది... ‘ఆఫ్‌లోనే ఉందనుకున్నా’. ఈ ‘అనుకున్నా’ అనే మాటకు చోటు లేకుండా చేయడానికే ఎల్‌సీ పుట్టింది.

రెండోది అన్ని వైపుల నుంచీ విడదీయడం, తాళం వేయడం, ‘పని జరుగుతోంది’ అని బోర్డు తగిలించడం. ఒకవైపు ఆపితే చాలదు. డెల్టాలో ఇది మరీ ముఖ్యం. రైసుమిల్లులో, చేపల చెరువు దగ్గర, పెళ్లి మండపంలో, ఎక్కడ చూసినా జనరేటర్లే. ఛేంజోవర్ స్విచ్ సరిగా లేని జనరేటర్ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక నుంచి వెళితే, అటువైపు మళ్లీ 11 కేవీ అవుతుంది. చచ్చిందనుకున్న లైను బతుకుతుంది.

మూడోది నిర్ధారణ. వోల్టేజీ డిటెక్టర్‌ను ముందు కరెంటున్న చోట పెట్టి చూడాలి. తర్వాత పనిచేయాల్సిన లైను మీద, ఆ తర్వాత మళ్లీ కరెంటున్న చోట. మూడోసారి ఎందుకంటే, మధ్యలో డిటెక్టరే పాడై ఉండొచ్చు కదా! నాలుగోది, పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ రాడ్లు. ఇవన్నీ అయ్యాకే చేయి పెట్టాలి.

ప్యానెల్ గదిలో కనబడని ప్రమాదాలు వేరే ఉన్నాయి. పక్కపక్కనే ఒకేలాంటి ప్యానెళ్లు ఉంటాయి. ఒకటి ఆగి ఉంటుంది, రెండోది నడుస్తూ ఉంటుంది. ముందువైపు పేర్లుంటాయి కానీ, పని చేసేది వెనక వైపు. అందుకే నడుస్తున్నవాటికి అడ్డంగా టేపు కట్టాలి. లైనులో కరెంటు పోతుండగా సీటీ వైరు విప్పడం మరో ప్రమాదం. పారే కాలువకు ఒక్కసారిగా అడ్డుకట్ట వేస్తే నీళ్లు ఎగదన్నినట్టు, విప్పిన చోట వేల వోల్టులు లేస్తాయి. ముందు షార్టింగ్ లింకు వేశాకే అటువైపు చేయి పోవాలి. బ్రేకర్‌లో బిగించి ఉన్న స్ప్రింగు ఉంటుంది. కరెంటు లేకపోయినా అది విడుదలైతే వేళ్లు నలిగిపోతాయి. మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూశాక కేబుల్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది. డిశ్చార్జి చేయకుండా ముట్టుకుంటే పరీక్షించినవాళ్లకే షాక్ కొడుతుంది.

ఇంతా అయ్యాక అసలు పరీక్ష మిగిలే ఉంది. పరీక్ష కోసం విప్పిన లింకులన్నీ మళ్లీ బిగించారా? విప్పిన ప్రతిదాన్నీ కాగితం మీద రాయాలి, బిగించాక ఒక్కొక్కటీ టిక్కు పెట్టాలి. ఒక్క లింకు మరిచిపోతే, పరీక్ష పాసైన రిలే ఆ క్షణం నుంచే ఉత్తుత్తి కాపలాదారు. అందుకే ఈ పనికి ఇద్దరుండాలి. ఒకరు చేస్తారు, ఒకరు చూస్తారు. రెండోమనిషి ఖర్చు దండగని అనుకునే చోట ఏదో ఒకరోజు అంతకన్నా పెద్ద ఖర్చు ఎదురుచూస్తుంటుంది.

హై వోల్టేజీ పరికరాలకు తనిఖీ, పరీక్షలు అవ్వకుండా కరెంటు ఇవ్వకూడదని చట్టం కూడా చెబుతోంది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల తర్వాత 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు తెచ్చింది. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. నిబంధనలు మారినా సారాంశం ఒక్కటే. ముందు పరీక్ష, తర్వాతే కరెంటు.

పైకి నొక్కితే కిందికి!

రక్షణతోపాటు నియంత్రణ పరికరాలకూ పరీక్ష తప్పదు. నది మీద కట్టిన గేటు కావచ్చు, ఎత్తిపోతల పథకంలో వాల్వు కావచ్చు, మోటారుతో కదిలేది ఏదైనా సరే. మోటారుకొచ్చే మూడు ఫేజుల్లో రెండు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. ‘పైకి’ అని మీట నొక్కితే గేటు కిందికి దిగుతుంది. హద్దు దాటకుండా ఆపడానికి లిమిట్ స్విచ్ ఉందిగా అనుకోవచ్చు. కానీ కింది హద్దు స్విచ్ ‘కిందికి’ మీట దారిలో ఉంటుంది. నొక్కింది ‘పైకి’ మీట. కాబట్టి అది ఆపదు! గేటు అడుగుకు కొట్టుకున్నా మోటారు లాగుతూనే ఉంటుంది. అందుకే అనుభవజ్ఞులు మొదటిసారి గేటును సగంలో ఉంచి, ఒక్క క్షణం మీట నొక్కి వదిలి, ఎటు కదిలిందో చూస్తారు. పట్టిసీమ ఎత్తిపోతలలాంటి చోట 24 పంపులున్నాయి. ఒక పంపు సరిగా తిరిగిందని 24నూ ఒప్పేసుకోలేం. దేని పరీక్ష దానిదే.

నిన్నటి సెట్టింగు, నేటి లోడు

ఒకసారి పాసైతే జీవితాంతం పాసైనట్టేనా? కాదని ప్రపంచం రెండుసార్లు గట్టిగా నేర్చుకుంది. 1965 నవంబరు 9 సాయంత్రం కెనడాలో నయాగరా జలపాతం దగ్గరున్న సర్ ఆడమ్ బెక్ విద్యుత్కేంద్రం లైను ఒకటి ట్రిప్ అయింది. లైనులో లోపమేమీ లేదు. రిలే సెట్టింగు ఆ లైను మోయగలిగే భారం కంటే చాలా తక్కువగా ఉంది. లోడు పెరుగుతూ పెరుగుతూ ఆ గీత దాటింది. ఆ భారం పక్క లైన్ల మీద పడి అవీ పడిపోయాయి. న్యూయార్క్‌తో సహా దాదాపు 3 కోట్ల మంది చీకట్లో ఉండిపోయారు.

రెండోది ఇక్కడిదే. 2012 జులై 30 తెల్లవారుజామున బినా-గ్వాలియర్ 400 కేవీ లైను ట్రిప్ అయింది. అక్కడా షార్ట్‌సర్క్యూట్ లేదు. పెరిగిన లోడు, తగ్గిన వోల్టేజీ కలిసి దూరంగా ఎక్కడో లోపం ఉన్నట్టు రిలేకు భ్రమ కలిగించాయి. ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ పడిపోయి దాదాపు 60 కోట్ల మందికి కరెంటు లేకుండా పోయింది. దక్షిణాది గ్రిడ్ అప్పటికి వాటితో పూర్తిగా కలవలేదు కాబట్టి గోదావరి జిల్లాలు ఆ చీకటిని తప్పించుకున్నాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. ఇప్పుడు ఎక్కడి రిలే తప్పు చేసినా ఆ కుదుపు ఇక్కడిదాకా రావచ్చు.

ఈ పాఠం భీమవరం, ఉండి, ఆకివీడు వైపు బాగా వర్తిస్తుంది. ఒకప్పుడు వరిచేలున్న చోట ఇప్పుడు రొయ్యల చెరువులు. రాత్రుళ్లు ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. గంటల తరబడి ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి పంట తేలిపోతుంది. లక్షల పెట్టుబడి పోతుంది. అందుకని ఫీడర్ ట్రిప్ అయితే చాలు, ఒత్తిడి మొదలవుతుంది. ‘ఊరికే పడిపోతోందండీ, కాస్త సెట్టింగు పెంచండి’ అని. రైతు బాధ నిజమైనదే. లోడు నిజంగా పెరిగి ఉంటే లెక్క వేసి, తీగలూ ట్రాన్స్‌ఫార్మర్లూ ఆ భారం మోస్తాయో లేదో చూసి, కొత్త సెట్టింగు పెట్టి, మళ్లీ పరీక్షించాలి. అదంతా లేకుండా ఊరికే పెంచితే, ఏరియేటర్లు ఆగకుండా తిరుగుతాయి. తెగిన తీగలో కరెంటు కూడా ఆగకుండా ఉంటుంది.

ఎంత మంచి రిలేకైనా ఒక హద్దుంది. తడిచేలో పడిన తీగ ఎక్కువ కరెంటును నేలలోకి పంపుతుంది కాబట్టి పట్టుకోవడం తేలిక. అదే తీగ అంతర్వేది వైపు ఎండిన ఇసుక మీదో, తారురోడ్డు మీదో పడితే నేలలోకి పోయే కరెంటు కొద్ది ఆంపియర్లే ఉండొచ్చు. మామూలు లోడులో అది కలిసిపోతుంది. రిలేకు తెలియకపోవచ్చు. కాబట్టి తెగిన తీగ కనిపిస్తే, నిప్పురవ్వలు లేకపోయినా సరే, దాంట్లో కరెంటుందనే అనుకోవాలి. దగ్గరికి వెళ్లకూడదు, పశువులనూ మనుషులనూ వెళ్లనివ్వకూడదు. కర్రతో జరపబోకూడదు. 1912కు ఫోన్ చేసి, వాళ్లొచ్చేదాకా దూరంగా కాపలా ఉండాలి.

ఇంట్లోనూ ఒకడున్నాడు

ఈ గొడవంతా సబ్‌స్టేషన్లదే అనుకోవక్కర్లేదు. ఈమధ్య కట్టిన ఇళ్లలో మెయిన్ బోర్డు తెరిస్తే ఎంసీబీల వరసలో కాస్త వెడల్పాటి పరికరం ఒకటి కనిపిస్తుంది. దానిమీద ‘టీ’ అనే అక్షరంతో చిన్న బటన్ ఉంటుంది. అదే ఆర్‌సీసీబీ. ఎంసీబీ ఉందిగా, షాక్ కొడితే పడిపోతుందని చాలామంది నమ్మకం. 6 ఆంపియర్ల ఎంసీబీ 6 ఆంపియర్లు దాటితేనే కదులుతుంది. గుండె లయ తప్పడానికి అందులో చిన్న వంతు చాలు. ఆర్‌సీసీబీ కదిలేది 30 మిల్లీ ఆంపియర్లకే. అంటే ఆ ఎంసీబీకి పట్టేదాంట్లో 200వ వంతుకే. వైర్లను కాపాడేది ఎంసీబీ, మనుషుల్ని కాపాడేది ఆర్‌సీసీబీ.

అది కూడా మౌనంగా ఉండే కాపలాదారే. ఆ బటన్ ఇంట్లో ఉండేవాళ్లకు తయారీదారు ఇచ్చిన పరీక్ష పరికరం. నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది ప్లాస్టిక్ బొమ్మతో సమానం. వెంటనే మార్పించాలి. అయితే ఆ బటన్ పరికరాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్తు గుంతను కాదు. ఎర్తు సంగతి ఎలక్ట్రీషియన్ చేత వేరే చూపించుకోవాలి. గీజరు వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోతుంటే ‘విసిగిస్తోంది, తీసి పక్కన పెట్టెయ్యవయ్యా’ అనొద్దు. గీజరులో ఏదో ఉందని అది చెబుతోంది. చెప్పేవాడి నోరు మూయించకుండా గీజరును బాగుచేయించాలి.

కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. బిల్లు వచ్చిన రోజునే, కంప్యూటరూ టీవీ ఆపేసి, ఆ బటన్ ఒక్కసారి నొక్కి చూడటం అలవాటు చేసుకుంటే మరిచిపోవడమంటూ ఉండదు. ఇల్లంతా ఒక్క క్షణం చీకటవుతుంది. పిల్లలు ‘అమ్మా, కరెంటు పోయింది’ అని అరుస్తారు. పోయినందుకు సంతోషించాల్సిన సందర్భం బహుశా అదొక్కటే.